నూగు లేవని రజాయి

కొన్న నెలకే ముదురు రంగు అస్తరు మీద తెల్లటి నూగు లేస్తే ఇంటిల్లిపాదీ గుడ్డను తిడతారు, లేదంటే వాషింగ్ మెషిన్‌ను తిడతారు. దోషం చాలాసార్లు లోపలి సరుకుది, దాన్ని పరిచిన చేతిది. దూదేకులవారి పని దగ్గర కూర్చుని చూసినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ పని చూడాలేగానీ చెబితే తరగదు. నిలువెత్తు విల్లు, దానికి బిగించిన నరం, చేతిలో చెక్క గూటం. నరాన్ని దూది కుప్పలో ముంచి గూటంతో ఒక్క దెబ్బ వేస్తే టుంయ్‌మని మోగుతుంది, ఆ అదురుకు ఉండకట్టిన దూది విచ్చుకుని లేస్తుంది. గింజ ముక్క, ఆకు నుసి, మట్టి కిందికి రాలిపోతాయి. నరం పోగును విడదీస్తుందేగానీ తెంపదు. కిటుకంతా అక్కడే ఉంది. దూది పోగు గుండ్రంగా ఉండదు, చదునుగా ఉండి పొడవునా మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికలతోనే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పొడుగు పోగుకు పట్టు ఎక్కువ. తెగి పొట్టిదైపోయిన పోగుకు పట్టు ఉండదు, సందు దొరికితే చాలు గుడ్డలోంచి బయటికొస్తుంది.

మా ఊరికి వచ్చే పెద్దాయన దూదిని ఒక్క పొరగా ఎన్నడూ పరిచేవాడు కాదు. పల్చటి పొర నిలువుగా, దాని మీద ఇంకోటి అడ్డంగా వేస్తూ, సన్నటి బెత్తంతో మెల్లగా కొడుతూ అన్నిటినీ కలిపేసేవాడు. తర్వాత కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి, "ఇక్కడ పల్చనైంది" అని చిటికెడు దూది తీసి సరిగ్గా అక్కడే వేసేవాడు. అంత నేర్పు నేను ఏ ఫ్యాక్టరీ సరుకులోనూ చూడలేదు. మా అమ్మ ఒకసారి పల్చటి పూల గుడ్డ ఇస్తే ఎండకెత్తి చూసి, "ఇది పెరుగు వడకట్టుకోవడానికి దాచుకోమ్మా, రజాయికొద్దు" అని తిరిగిచ్చేశాడు. తర్వాత అమ్మ చిక్కటి నేత గుడ్డ తెచ్చింది. ఆ రజాయి ఏళ్ళ తరబడి వాడాం, ఒక్క పోగు బయటికి పొడుచుకురాలేదు.

 

జైపూర్ రజాయికి దండం పెట్టాల్సిందే. పావు కిలో దూదితో చలి ఆపుతారని వాళ్ళకు పేరు. పైన వేసేది పల్చటి వాయిల్ గుడ్డ, అయినా మంచి పనివాడి చేతిలో పడితే నూగు లేవదు. దూదిని అంత శుభ్రంగా విడదీస్తారు మరి. లోపలి పని బాగుంటే గుడ్డ కూడా నిలుస్తుందనడానికి ఇంతకు మించిన రుజువు నాకు అక్కర్లేదు. కానీ జైపూర్‌కు దక్కిన పేరులో పదో వంతైనా మన దూదేకులవారికి దక్కలేదే, ఆ పాపం ఎవరిది? మనది కాదా?

బూరుగు దూది సంగతి వేరు. ఆ పోగు నున్నగా, లోపల బోలుగా ఉంటుంది, మెలిక ఉండదు. ఎంతటి పనివాడు ఏకినా అది జారుతూనే ఉంటుంది. బూరుగు తలగడలకు చిక్కటి నేత చారల గుడ్డ వాడింది అందుకే.

ఇప్పుడు చుట్టలుగా వస్తున్న పాలియెస్టర్ షీటుకూ ఇదే జబ్బు, పైగా ఇంకా ముదిరిన జబ్బు. నున్నటి పోగు, రుద్దితే కరెంటు పుట్టి గుడ్డకు అంటుకుంటుంది. దూది పోగు బయటికొచ్చినా రాపిడికి తెగి రాలిపోతుంది. ఇది తెగదు, ఉండకట్టి అక్కడే కూర్చుంటుంది. తేలిక, చవక అంటూ ఏకై వచ్చి మేకై కూర్చుంది. రోడ్డు పక్క మిషన్లలో దర్జీ ముక్కలూ పాతగుడ్డలూ చీల్చి, ఆ రంగురంగుల పీచునే దూదిగా అంటగట్టేవాళ్ళు మరీ దారుణం. చేతిపని అని చెప్పి అమ్మిన ఒక రజాయి కుట్టు విప్పి చూస్తే లోపల ఇదే ఉంది. చలికి వణికే పిల్లల మీద కప్పేదాంట్లో కూడానా ఈ మోసం!

ఇంట్లో కుట్టుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. అస్తరు గుడ్డను ముందు ఒకసారి ఉతకండి. చవక గుడ్డ సందుల్ని గంజి కప్పేస్తుంది, ఉతికితే అసలు నేత బయటపడుతుంది. అప్పుడు దీపానికి ఎదురుగా పట్టుకోండి, సందుల్లోంచి వెలుగు చుక్కలు కనిపిస్తే వద్దు. నిలువు, అడ్డం పోగులు కలిపి చదరపు అంగుళానికి 200 దాటిన గుడ్డయితే మంచిది. సూది సన్నగా, పదునుగా ఉండాలి. దబ్బనంతో పొడిస్తే బెజ్జం మిగిలిపోతుంది, మొండి సూది దూదిని తనతోపాటు పైకి లాక్కొస్తుంది. దారం సూది పొడిచిన బెజ్జం నిండేంత లావుండాలి. పాలియెస్టర్ తప్పదంటే, పోగులు విడిపోకుండా వేడితో అతికించిన రకం తీసుకుని, అస్తరుకూ దానికీ మధ్య మెత్తటి పాత పంచె ఒక పొర వెయ్యండి. ముదురు రంగు అస్తరు మాత్రం పెట్టకండి.

పొడుచుకొచ్చిన పోగును గోటితో పీకొద్దు. ఒకటి లాగితే దాని వెనక నాలుగొస్తాయి. రజాయి తిరగేసి, వెనక నుంచి సూది మొనతో మెల్లగా లోపలికి లాగండి.

పాత దూది రజాయిలు అటక మీద ఉంటే పారెయ్యకండి. అణిగిపోయిన దూది ఏకితే మళ్ళీ పొంగుతుంది. మీ ఊళ్ళో విల్లు పట్టే చెయ్యి ఇంకా ఉంటే వెతికి పట్టుకోండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. చలి ముదిరాక కాదు, వానలు వెనకబట్టి ఎండ కాస్తున్నప్పుడే దూది ఏకడానికి ఇవ్వండి. తేమ పట్టిన దూది నరానికి లొంగదు.