రన్‌వే లేని చోట దిగే విద్య

అలాస్కాలో చాలా ఊళ్ళకు రోడ్డు లేదు. రాజధాని జూనోకు సైతం బయటినుంచి రోడ్డుమీద చేరే దారి లేదు. పిండి బస్తాలు, మందులు, ఉత్తరాలు, పురిటికి పట్నం వెళ్ళాల్సిన తల్లి, వీటికి ఎక్కువగా గాలే దారి. మన పల్లెల్లో ఒకప్పుడు ఎడ్లబండికున్న స్థానం అక్కడ చిన్న విమానానిది.

1924 ఫిబ్రవరిలో కార్ల్ బెన్ ఐల్సన్ అనే పైలట్, మంచుమీద జారే స్కీలు బిగించిన విమానంలో ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కు టపా మోసుకెళ్ళాడు. కుక్కల బళ్ళకు రెండు వారాలు దాటే ప్రయాణం మూడు గంటల్లోపే ముగిసింది. ఆనాటినుంచి పైలట్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న విద్య ఇది. దిగబోయే నేలను దిగకముందే చదవగలగడమే దీనికి ప్రాణం.

పైపర్ కంపెనీ 1949లో తెచ్చిన సూపర్ కబ్‌నే తీసుకోండి. ఉక్కు గొట్టాల చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, ఒకరి వెనక ఒకరికి చోటు. మూడో చక్రం తోక కింద ఉంటుంది కాబట్టి ముక్కు ఎత్తుగా నిలిచి, ప్రొపెల్లర్ రాళ్ళకు దూరంగా ఉంటుంది. వేసవిలో దానికి గాలి తక్కువ పట్టించిన పెద్ద పెద్ద టైర్లు తొడిగి ఏటి గులకమేటల మీద దింపుతారు. ముందు తక్కువ ఎత్తులో చుట్లు కొట్టి దుంగలు, గోతులు, గాలివాలు చూసుకుంటారు. తర్వాత చక్రాలు ఆనీ ఆనకుండా ఆనించి, బరువు మోపకుండానే మళ్ళీ లేస్తారు. నేల ఏపాటి గట్టిదో ఆ తాకిడిలోనే తెలుస్తుంది.

మంచు కాలపు స్కీలే నా దృష్టిలో అసలు పరీక్ష. స్కీలకు బ్రేకులుండవు. మబ్బు పట్టిన రోజున ఆకాశమూ మంచూ ఒకే తెలుపులో కలిసిపోయి, నేల ఎంత దూరంలో ఉందో కంటికి అందదు. అందుకని పైనుంచి చెట్టుకొమ్మలు జారవిడిచి, ఆ నల్లటి గుర్తులను పట్టుకొని దిగుతారు. గడ్డకట్టిన నదిమీద మంచు కింద నీరు దాగి ఉండొచ్చు. స్కీలు ఒకసారి రాసుకుంటూ పోయాక వెనక జాడ నల్లబడిందంటే అక్కడ దిగరు. హిమానీనదం మీదైతే వాలుకు ఎదురెక్కుతూ దిగి, ఆగేలోపే అడ్డంగా తిప్పుకోవాలి. దేనాలి పర్వతం మీద అలా దిగడంలో టాకీట్నాకు చెందిన డాన్ షెల్డన్ పేరు నిలిచిపోయింది. దిగాక స్కీలు మంచుకు అతుక్కుపోకుండా కింద కొమ్మలు పరవాలి. పూర్వం పైలట్లు రాత్రికి ఇంజిన్ నూనె వంపి పొయ్యి దగ్గర పెట్టుకొని, తెల్లవారి వేడివేడిగా తిరిగి పోసేవారట. ఆ ఓపిక తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

నీటిమీద దిగేందుకు చక్రాల బదులు తేలే ఫ్లోట్లు బిగిస్తే విమానం బరువెక్కుతుంది, మోసే సరుకు తగ్గుతుంది. అలలున్న నీటికన్నా కదలని నీరే ప్రమాదం, ఎత్తు తెలియదు. ఒడ్డు పక్కగా వస్తూ, ఇంజిన్ ఆపకుండా, నీళ్ళు తగిలేదాకా మెల్లగా ఒకే తీరున దిగాలి. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి నీటిమీద నుంచి ఎగిరిన ట్విన్ ఆటర్, అలాస్కా సరస్సుల మీద నేటికీ తిరిగే బీవర్, రెండూ డి హావిలాండ్ కెనడా విమానాలే. కృష్ణ నిశ్చలంగా ఉన్న ఉదయాన ఇక్కడి పైలట్‌కూ అదే పాఠం.

యాంకరేజ్‌లోని లేక్ హుడ్‌లో విమానం కట్టుకునే చోటు కోసం యజమానులు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. అక్కడ పొద్దున్నే మొదటి పని ఫ్లోట్లలోని ఒక్కో గదినుంచి చేతిపంపుతో నీళ్ళు తోడడం. ఎన్నిసార్లు లాగితే గది ఖాళీ అయిందో లెక్కపెట్టుకుంటారు. నిన్నటికన్నా లెక్క పెరిగితే, ఎగరబోయే ముందు ఎక్కడ చిల్లు పడిందో వెతుకుతారు.