వైద్యుడు గురువు కాదగునా?

పంజాబీ కవిగా ప్రసిద్ధుడైన జస్వంత్ సింగ్ నేకీ మానసిక వైద్యుడు కూడ. 1973లో అమెరికా పత్రిక యొకదానిలో ఆయన ప్రకటించిన వ్యాసము, గురుశిష్య సంబంధము మనశ్చికిత్సకు ఒరవడి కాగలదా యని విచారించినది. అర్ధశతాబ్దము గడచినను ఆ ప్రశ్న పాతబడలేదు.

అందలి బలమును ముందుగా నంగీకరింతము. పాశ్చాత్య మనశ్చికిత్సకు మూలపురుషుడైన ఫ్రాయిడు 1927లో మతమును భ్రమగా నిరూపింప బూనెను. ఆ మార్గమున రోగి స్వతంత్రుడగుటయే పరమార్థము. ఒకరి నొకరు ఆశ్రయించి బ్రదుకుట దోషముగా నెంచని మన కుటుంబములలో, చనువుతో దారి చూపు పెద్దయే రోగికి ఆప్తుడుగా తోచును. భక్తిని గడప వెలుపల విడిచి రమ్మన్నచో, రోగి తనలో సగము విడిచి రావలసియుండును.

అయినను ఈ పోలిక తుదివరకు నిలువదని మా యభిప్రాయము. శిష్యుడు గురువును వెదకి, తనంతట శరణు పొందును. రోగి బాధ తాళలేక వచ్చును. అతడు కోరునది ఊరట, ఉపదేశము కాదు. భక్తుడైన వైద్యుడు “ఇది కర్మఫల” మనినను, నాస్తికుడైన వైద్యుడు మ్రొక్కును రోగలక్షణ మనినను, దోషమొక్కటే: రోగి దైన్యమును ఆధారముగా గొని తన మతమును రుద్దుట. గురువాక్యమును శిష్యుడు కాదనడు. వైద్యుని మాట కాదనుటకు రోగికి హక్కుండవలెను. సమాజమున ప్రబలిన మతవిశ్వాసముల కొదిగి నడవకపోవుటను మానసిక రోగముగా నిర్ణయింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించుచున్నది.

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన పరిశోధన యొకటి తమిళనాడులోని ఒక దేవాలయమును గూర్చినది. అచ్చట సగటున ఆరు వారములు వసించిన 31 మంది రోగుల లక్షణములు ఇంచుమించు నూటికి 20 వంతులు తగ్గినవి. ప్రత్యేకమైన క్రతువేదియు లేదు. ఆదరముగల నీడయు, చిన్నచిన్న పనులును మాత్రమే. పోల్చిచూచుటకు వేరొక సమూహము లేదు గనుక దీనిని తిరుగులేని ఋజువుగా గొనరాదు. కాని విశ్వాసము ఊరట నిచ్చుటకు ఎవరును గురుపీఠ మెక్కనక్కరలేదని ఇది సూచించుచున్నది.

తమిళ, కన్నడ సీమలలో తరతరములుగా నున్న మనకు మరియొక చిక్కు గలదు. ఇంటి యిలవేల్పును గూర్చియో, పూనకమును గూర్చియో రోగి తెలుగున చెప్పినది వైద్యునికి బంధువుల నోటనే చేరును. అది ఆచారమో, వ్యాధియో యన్న తీర్పు అనువాదములోనే జరిగిపోవచ్చును. కావున మనవారిని వైద్యునొద్దకు గొనిపోవునపుడు వారి భక్తిని దాచవలదు. వారికి బదులుగా మన భక్తిని చెప్పనువలదు.