పదునాఱవ కృత్రిమ మానవుడు

చిత్రకథలనిన మన గృహములలో పెద్దలకు చులకన. బాలురు పాఠములు మాని బొమ్మలు చూచుచుందురని తల్లిదండ్రులు విచారింతురు. ఆ బొమ్మలలో నుండునదెల్ల కొట్లాటయే యని మాబోటి యుపాధ్యాయులు వారికి వంత పాడుదురు. నేనును చాలకాల మట్లే వంత పాడితిని. ఒకనాడు వ్యాకరణపు నోటు పుస్తకములు దిద్దుచుండగా, ఒక బాలుడు సంధిసూత్రముల ప్రక్కన మిగిలిన ఖాళీలో నొక మహాకాయుని బొమ్మ వేసియుండుట చూచితిని. కవచము, కొండవంటి భుజములు, చలనములేని ముఖము. భుజముమీద మాత్ర మొక చిన్న పిట్ట. "ఎవడురా వీడు?" అని యడిగితిని. "పదహారో నంబరండీ. చంపడానికి చేసిన మనిషండీ. కాని ఎవరినీ చంపడు మాస్టారూ" అని వాడు జంకుచు చెప్పెను. మందలింపవలెనని నోరు తెఱచిన నేను మందలింపలేకపోతిని. చంపుటకై చేయబడియు చంపనివాడు! ఇంతకన్న నాటకీయమైన పాత్రబీజమును మన మహాకవులు మాత్ర మేమి కోరుదురు? ఆ బాలునిచేతనే కథ చెప్పించుకొని, పిమ్మట నేను స్వయముగా చదివి, చూచి, యోచించినదాని నీ వ్యాసమున పాఠకుల యెదుట నుంచుచున్నాను.

ఈ పాత్ర జపాను చిత్రకథకుడు అకిరా తోరియామా రచించిన "డ్రాగన్ బాల్" అను గ్రంథమునందలిది. తోరియామా 1955లో జన్మించి 2024లో మరణించెను. ఆ కథ 1984 మొదలు 1995 వఱకు నొక వారపత్రికలో 519 ప్రకరణములుగా వెలువడి 42 సంపుటములుగా గూర్పబడినది. దాని యుత్తరభాగము 1989 నుండి 1996 వఱకు "డ్రాగన్ బాల్ జీ" యను పేర 291 భాగముల చలనచిత్రమాలికగా టెలివిజనులో ప్రదర్శింపబడినది. ఇంత పెద్ద గ్రంథమున పదునాఱవ వాడు కనబడునది కొలదికాలము. పలుకునది మఱియు కొలది. అయినను చదివినవారు వానిని మఱవరు.

కథ సంగ్రహముగా నిది. గోకు అను వీరుడు బాల్యమున నొక దుష్టసైన్యమును రూపుమాపెను. ఆ సైన్యమునకు శాస్త్రజ్ఞుడుగా నుండిన డాక్టర్ గెరో పగబట్టి, గోకును చంపుటకై కృత్రిమ మానవులను నిర్మించెను. పదునేడవ వాడును, పదునెనిమిదవ యామెయు నిజమైన కవలపిల్లలు. వారి శరీరములను గెరో మార్చెను. పదునాఱవ వాడు మాత్ర మాపాదమస్తకము యంత్రమే. రక్తమాంసములు కలవారు తమ్ము తీర్చినవానినే చంపి, యాటవిడుపుగా లోకముమీద పడిరి. యంత్రమైన వాడో, పక్షులు వచ్చి మీద వ్రాలగా కదలక నిలుచుండును. తోడివారు కనబడినవారితో నెల్ల పోరుచుండగా తాను దూరముగా నుండును. తనకు విధింపబడినది గోకు వధ యొక్కటియే. తక్కినవారితో తనకు వైరము లేదు.

జపాను మూలమున నిట్టివారికి "జిన్‌జో నింగెన్" అని పేరు. కృత్రిమ మానవుడని యర్థము. చెక్ నాటకకర్త కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకము "రోబోటు" అను పదమును లోకమునకిచ్చినది. 1923లో జపాను భాషలోనికి వచ్చినపుడు దానికుంచిన పేరీ "జిన్‌జో నింగెన్" అనునదే. ఆ నాటకమున చేయబడినవారు చేసినవారిమీద తిరుగబడి మానవజాతిని తుదముట్టింతురు. అంతకు శతాబ్దము ముందే, 1818లో, మేరీ షెల్లీ తన నవలయందు శాస్త్రజ్ఞునిచే ప్రాణము పోయబడిన వికృతాకారుని సృష్టించెను. వాడు మొదట మృదువైనవాడు. సృష్టికర్తయు లోకమును త్రోసివేయగా హంతకుడాయెను. ఐరోపావారి యీ రెండు కథలలోను భయ మొక్కటియే: మన చేతిపని మనలను చంపునని. తోరియామా దీనిని తలక్రిందు చేసెను. ఇచట చేతిపని మంచిది. చేసిన చేయి చెడ్డది. హంతకుడు కావలెనని చేయబడినవాడు మృదువైనవాడాయెను.

ఈ మృదుత్వ మెచటనుండి వచ్చెను? గెరో యీతనిని విఫలమైన నిర్మాణమని నిద్రపుచ్చి యుంచెనని మాత్రమే కథ చెప్పును. రచయిత పెక్కేండ్లకు దానికి కారణమును వెల్లడించెను. గెరోకు కొడుకొకడుండెననియు, వాడు సైనికుడై యుద్ధమున మరణించెననియు, ఆ పోలికతోనే గెరో పదునాఱవ వానిని తీర్చెననియు, ఆ రూపము మరల పోరున నశించుట కోరక సౌమ్యస్వభావము నిచ్చెననియు ఆ వివరణము. జపాను చిత్రకథలలో నిట్టి తండ్రి క్రొత్త కాదు. 1952లో ఒసాము తెజుకా యారంభించిన "ఆటమ్" కథయందును, చనిపోయిన కొడుకు రూపముననే యొక శాస్త్రజ్ఞుడు యంత్రబాలుని నిర్మించును. ఐనను ఇచట విశేషము కలదు. లోకమునెల్ల ద్వేషించు నొక ముసలివాని హృదయమున మిగిలిన యొకే తడి యీ పదునాఱవ వాడు. తన పుత్రశోకమునే యతడు వైఫల్యమని పేరు పెట్టి పెట్టెలో మూసెను.

ఈతడు కేవల సాధువని భ్రమపడరాదు. సెల్ అను రాక్షసుడు పదునేడవ వానిని మ్రింగవచ్చినపుడు, అంతవఱకు చేయి యెత్తని పదునాఱవ వాడే యడ్డుపడి పోరెను, పోరి శిథిలుడాయెను. క్రిలిన్ అను వాడు జాలిగొని వానిని బుల్మా గృహమునకు చేర్చగా, ఆమెయు నామె తండ్రియు మరమ్మతు చేసిరి. చేయుచు లోపల నున్న ప్రేలుడుగుండును తీసివైచిరి. తుదిపోరునాడు గోకు స్నేహముతో పలుకరింపగా, తాను గోకును చంపుటకే చేయబడితినని యతడు మొగముమీదనే చెప్పెను. ఈ మాట కొందఱకు రుచింపదు. నాకు మాత్ర మిదియే పాత్రకు ప్రాణమని తోచును. తనలో నుంచబడిన యాజ్ఞను దాచి మంచివాడనని యతడు నటింపడు. దానినట్లే మోయుచు, నేడు చేయవలసిన పని వేఱని యెఱిగి నిలుచును. పుట్టుకతో వచ్చినదానిని తుడిచివేయుట మన చేతిలో లేదు; దాని చేతిలో మనము పడకుండుట మాత్రము మన చేతిలోనున్నది. కులమును వంశమును చూపి మనుష్యుని విలువకట్టుట కలవాటుపడిన మన కీ యంత్రము చెప్పు పాఠము తక్కువది కాదు.

ఇక కథకు మర్మస్థానము. గోకు కుమారుడు గోహాన్ పసివాడు. తల్లి వానిని పండితుని చేయగోరును. తండ్రి వాని లోపల దాగిన మహాశక్తిని చూచి, కోపము వచ్చినగాని యది బయలుపడదని యెంచి, ఆ పసివానినే సెల్ యెదుటికి పంపును. పంపుటయే కాదు, పోరు సమముగా నుండవలెనని శత్రువు బడలిక తీరుటకు ఔషధపు గింజ నిచ్చును! వీరధర్మ మింత వెఱ్ఱిగా మాఱుట నే నెచటను చూడలేదు. గోహాన్ గురువు పిక్కొలో యపుడు గోకును గద్దించును: బిడ్డకు నీవలె పోరనిన ప్రీతి లేదు, తండ్రి తన్నేల కాపాడడని వాడిపుడు తలచుచుండును, అని. గద్దింపు నిజమైనదే, కాని గురువు మాట బిడ్డకు చేరలేదు. బిడ్డ దెబ్బలు తినుచుండెను; చంపుటకిష్టము లేదని శత్రువునే బతిమాలుచుండెను.

అపుడు పదునాఱవ వాడు సెల్‌ను వెనుకనుండి బిగియబట్టి, తన్ను తాను ప్రేల్చుకొని వానిని కూల్పబోయెను. లోపల గుండు లేదను సంగతి క్రిలిన్ కేక వేసి చెప్పువఱకు వానికి తెలియదు. సెల్ వానిని తునియలు చేసెను. తల మాత్రము మిగిలెను. ఆ తలను తన చేరువకు విసరుమని యొక యుత్తరకుమారుని వంటి మల్లుని వేడుకొని, గోహాన్ ముందుపడి, యతడు తుదిపలుకులు పలికెను. ధర్మమునకై పోరుట పాపము కాదనెను. మాటలతో లొంగనివారును లోకమున నుందురనెను. నీ మనస్సు నాకు తెలియును, ఇక నోర్చుకొన పనిలేదనెను. నేను ప్రేమించిన జంతుజాలమును, ప్రకృతిని కాపాడుమనెను. సెల్ పాదము తలను నలిపెను.

ఈ ఘట్టమున కీర్తియెల్ల తరువాత వచ్చు గోహాన్ విజృంభణమునకు పోవుచున్నది. నా కన్నులకు మాత్ర మంతకు ముందు మాటయే గొప్పది. నీ మనస్సు నాకు తెలియునని యెవరనవలెను? తండ్రి యనవలెను, అతనికి తెలియదు. అనినవాడు కొయ్యవలె ముఖమున కదలికలేని యంత్రము. ఎందుచేత? చంపగల శక్తి నెవరో తమలో పెట్టగా, చంప మనసొప్పక యేగుచున్నవా రా కథలో వీరిరువురే. సానుభూతి రక్తబంధమున పుట్టునని మన నమ్మకము. అనుభవసామ్యమున పుట్టునని తోరియామా యిచట నిరూపించెను.

పక్షిమరణమును చూచిన శోకమే ఆదికావ్యమునకు మూలమాయెనని మన సంప్రదాయము. ఇచట పక్షులను ప్రేమించినవాని మరణము ఒక బాలుని శోకమును క్రోధముగా మార్చినది. కాని యీ క్రోధమును గూర్చి మన యాలంకారికుల విభాగ మొక్కటి స్మరింపదగినది. వీరమునకు స్థాయి యుత్సాహము. రౌద్రమునకు స్థాయి క్రోధము. బయటికి రెంటికిని పోరే రూపము. లోపల నవి వేఱు. పదునాఱవ వా డుపదేశించినది వీరమని నా యభిప్రాయము. కాపాడుమనుటయే వాని తుదికోరిక. గోహాన్ గ్రహించినది రౌద్రము. తన శక్తి బయలుపడిన తోడనే సెల్‌ను ముగింపుమని తండ్రి తొందరపెట్టినను, వీడింకను బాధపడవలెనని వాడు జాగుచేసెను. ఆ జాగులో సెల్ తన్ను తాను ప్రేల్చుకొన నుద్యుక్తుడాయెను. భూమిని రక్షించుటకై గోకు వానిని దూరమునకు గొనిపోయి ప్రాణము విడిచెను. సౌమ్యుడైన బాలుడు కోపమున నిలువుమఱచిన కొలదిక్షణములకు మూల్యము తండ్రి ప్రాణము. రచయిత యీ ఫలితమును దాచలేదు. కోపము వచ్చినంతనే ధర్మము గెలిచినదని వ్రాసి చేతులు దులుపుకొనినచో నేనీ వ్యాసము వ్రాసియుండను.

దోషమును చెప్పకుండుట విమర్శ కాదు. పదునాఱవ వాని పాత్రను రచయిత కొంతమేరకు సాధనముగా వాడుకొనెను. వానికి పక్షులపై ప్రేమ యెట్లు కుదిరెనో, ప్రపంచమును చూచి యేమి తలచెనో, కథలో చోటు చాలక తెలియదు. గోహాన్‌తో వానికి పూర్వపరిచయమును లేదు. ఉద్దీపనమై వచ్చి, ఆ పని తీరగానే తొలగిపోవును. తరువాత సెల్ చంపినవారెల్లరు దేవతాప్రసాదమున మరల బ్రతుకుదురు. ఈ యంత్రము మాత్రము మూలకథలో మరల రాడు, వానికై విలపించువారును లేరు. యంత్రమునకు చావున్నదో లేదో యను ప్రశ్నను రచయిత యెత్తియు నెత్తక విడిచెను. ఈ లోప మెంత పెద్దదైనను, ఆ నాలుగు మాటలు దానిని చాలవఱకు పూరించినవని నా తీర్పు.

చదువరులలో తలిదండ్రులైనవారికి నా మనవి యొక్కటి. మెత్తనిబిడ్డ యింట నుండిన మనమేమి చేయుచున్నాము? కొందఱము వాని నెదురుదెబ్బ కొట్టుమని గోకువలె ముందునకు త్రోయుదుము. కొందఱము నోరెత్తకుమని యణచి దానినే వినయమందుము. ఆ రెండు మార్గములలోను బిడ్డ మనస్సు నెఱిగినవారు లేరు. నీ మనస్సు నాకు తెలియునని ముందు చెప్పి, పిమ్మట ధర్మమును చెప్పినవా డా కథలో నొక యంత్రము. ఆ వరుస మార్చరానిది.

నోటుపుస్తకములోని బొమ్మను నేను కొట్టివేయలేదు. దాని క్రింద ఎఱ్ఱసిరాతో "పక్షి బాగున్నది" అని మాత్రము వ్రాసి, సంధి తప్పులు దిద్ది, ఆ బాలునకు తిరిగి యిచ్చితిని.