త్రవ్వినదెంత? ఊహించినదెంత?

దక్షిణ ఇరాక్‌లోని ఊర్ నగరం సుమేరియనుల చంద్రదేవుడైన నన్నకు నిలయం. అచట ప్రాకారం చుట్టిన దేవతాక్షేత్రంలో, అంతస్తులుగా లేచిన ఇటుకల కట్టడం ఒకటి కలదు. దానిని జిగ్గురాత్ అందురు. క్రీ.పూ. 2100 ప్రాంతమున ఉర్-నమ్ము రాజు దానిని ప్రారంభింపగా, కుమారుడు షుల్గి పూర్తిచేసినాడు. బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి 1922 నుండి 1934 వరకు ఇచట జరిపిన త్రవ్వకాలకు లెనార్డ్ వూలీ నాయకుడు. ఆయన సామాన్య పాఠకులకై 1929లో ప్రకటించిన ‘ఊర్ ఆఫ్ ది కాల్డీస్’ను 1982లో పి.ఆర్.ఎస్. మూరీ సవరించి మరల వెలువరించినాడు. అంతగా మెప్పు పొందిన గ్రంథానికి సవరణ ఏల అవసరమైనదో గమనింపదగును.

మొదట గుణం చెప్పవలెను. తొలి ఏటనే ఒక కందకంలో బంగారు పూసలు కనిపించినవి. నిధికై త్రవ్వువాడైతే ఆ క్షణమే గునపం వేసియుండును. వూలీ ఆ పని నిలిపి, కూలీలకు సున్నితపు పనితనం అలవడువరకు నాలుగేండ్లు ఆగినాడు. పిదప 1926లో మొదలైన పనిలో సుమారు 1850 సమాధులు బయటపడినవి. కొయ్య చివికిపోగా మట్టిలో మిగిలిన ఖాళీలలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, ఒక తంత్రీవాద్యం ఆకారాన్ని ఆయన రాబట్టినాడు. ఇందులోను ఊహ ఉన్నది. కాని ఆ ఊహకు మట్టియే సాక్షి.

జిగ్గురాత్ విషయంలో అట్లు కాదు. దాని గర్భం పచ్చి ఇటుక. పైన నేలతారుతో పేర్చిన కాల్చిన ఇటుకల కవచం సుమారు 8 అడుగుల మందం. ఆ కవచంలో సన్నని రంధ్రాలు వరుసలుగా ఉన్నవి. అవి నీరు కారుటకే అనుట సరియే. ఆ నీరెక్కడిది? అంతస్తులపై చెట్లు పెంచి తడిపేవారని వూలీ సమాధానం. కాని పచ్చి ఇటుకల రాశిలోని తేమ, వానలకు లోనికి దిగిన నీరు బయటికి పోకున్నచో గర్భం ఉబ్బి కవచం పగులును. రంధ్రాలకు ఈ కారణమే చాలును. పైగా పచ్చి ఇటుకపై తోట తడుపుట కట్టడానికే చేటు.

మరొక ఉదాహరణ. క్రీ.పూ. 6వ శతాబ్దిలో నబోనిదస్ రాజు కుమార్తె ఎన్నిగల్ది-నన్న ఇచట ప్రధాన అర్చకురాలు. ఆమె భవనంలో ఒకచోట వేర్వేరు శతాబ్దాల వస్తువులు, ప్రాచీన ఇటుకల శాసనానికి నకలున్న చిన్న మట్టిదిమ్మ దొరికినవి. వూలీ దానిని మ్యూజియం అన్నాడు. దిమ్మను వస్తువుపేరు తెలుపు చీటీ అన్నాడు. నబోనిదస్ పాత కట్టడాల పునాదులను వెదకించినవాడు గనుక ఇది అసంభవం కాదు. అయినను, ఒకే నేలపై దొరికినంత మాత్రాన ఎవరో ప్రదర్శనకై కూర్చినారని తేలదు. దేవాలయాలలో పాత కానుకలు తరతరాలుగా నిలుచుట సహజమే.

గ్రంథంలోని దోషం ఊహించుట కాదు. కొలిచినదానిని, తలచినదానిని ఒకే నిశ్చయంతో చెప్పుట. రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగాన్ని మరొకరు మరల చేసి చూడగలరు. త్రవ్విన పొరను మరల త్రవ్వలేరు. త్రవ్వినవాని వ్రాతయే మిగులును. సామాన్యునికై వ్రాయునపుడు ఈ బాధ్యత తగ్గదు, పెరుగును. మూలనివేదికలతో సరిచూచుకొను వీలు అతనికుండదు గదా!

వూలీకి న్యాయంగా చెప్పవలసినది ఒకటున్నది. ‘ఊర్ ఎక్స్‌కవేషన్స్’ సంపుటాలలో తన కొలతలను, పటాలను వివరంగా భద్రపరచినాడు. ఆయన ఊహలను తరువాతివారు సరిదిద్దగలిగినది ఆ కొలతలతోనే.