ప్రతినాయకుడి మీద సానుభూతి: పౌరాణిక చిత్రం నుంచి సూపర్ హీరో చిత్రం దాకా

సూపర్ హీరో చిత్రాలు ప్రతినాయకుడి మీద జాలి పడమని ప్రేక్షకుణ్ణి అడుగుతున్నాయన్న మాట ఈ మధ్య తరగతి గదుల్లో తరచు వినిపిస్తోంది. కొందరు దీన్ని హాలీవుడ్ నుంచి వచ్చిన కొత్త పోకడ అంటారు. మంచిచెడుల విచక్షణ సన్నగిల్లిందనటానికి ఇదే గుర్తు అని మరికొందరు అంటారు. పౌరాణిక చిత్రాలు చూసి పెరిగిన తెలుగువారికి ఈ రెండు అభిప్రాయాలూ తొందరపాటుగా తోచక మానవు. అందుచేత ప్రశ్నను కొంచెం మార్చి వేసుకుందాం. ఒక చిత్రం ప్రతినాయకుడి మీద ఏ రకమైన సానుభూతిని అడుగుతోంది? అడిగిన తర్వాత దానికి బాధ్యత వహిస్తోందా?

ముందుగా మాటల సంగతి. 'విలన్' అన్న మాటకు మూలం లాటిన్‌లో పొలం పనివాడు, పల్లెటూరివాడు అనే అర్థమున్న పదం. అది క్రమంగా మోటువాడు, నీచుడు, దుర్మార్గుడు అనే అర్థాలకు దిగజారింది. మన 'ప్రతినాయకుడు' అలా దిగజారిన మాట కాదు. నాయకుడికి ఎదురుగా, అతనికి దీటుగా నిలబడ్డవాడని దాని అర్థం. వ్యాకరణం కూడా ఇక్కడ తీర్పు చెప్పదు. రాముడూ వచ్చాడు, రావణుడూ వచ్చాడు. దేవుడు, మనిషి, రాక్షసుడు ముగ్గురూ మహద్వాచకాలే. ఇక 'సానుభూతి' అంటే వ్యుత్పత్తిని బట్టి తోటి అనుభవం. వాడుకలో మాత్రం జాలి అయింది. ఒకడి బాధను మనమూ అనుభవించటం వేరు, అతను చేసింది సరైనదే అనటం వేరు. ఈ తేడాను విస్మరిస్తే చర్చ అంతా తారుమారవుతుంది.

కాంచీపురం పల్లవుల ఆశ్రయంలో ఉన్నవాడుగా చెప్పే దండి కావ్యాదర్శంలో ఈ విషయం ప్రస్తావించాడు. నాయకుడి గుణాలు చెప్పి శత్రువును ఓడించటం ఒక పద్ధతి. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, పాండిత్యాన్ని కూడా వర్ణించి, అంతటివాణ్ణి గెలిచినందువల్ల నాయకుడు గొప్పవాడని చెప్పటం మరో పద్ధతి. అదీ మనకు ఇంపుగానే ఉంటుందని దండి మాట. మద్రాసులో తయారైన పౌరాణిక చిత్రాలు ఎక్కువగా ఈ రెండో దారిన నడిచాయి.

ఏవీయం వారి 'భూకైలాస్' (1958) చూడండి. ఎన్.టి. రామారావు రావణుడు తల్లి పూజ కోసం ఆత్మలింగం తేవటానికి బయలుదేరతాడు. అతని భక్తిలో దొంగతనం లేదు. మోసం జరిగింది అతనికే. అదే సంస్థ 'భక్త ప్రహ్లాద' (1967)లో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు కొడుకును చంపించబోయే రాక్షసుడే కాక, కొడుకు మీద ప్రేమను అహంకారం నుంచి విడదీసుకోలేని తండ్రి కూడా. ఆ పాత్రను చూసి భయపడతాం, ఆ తండ్రిని చూసి బాధపడతాం. అయినా స్తంభం పగిలినప్పుడు అది అన్యాయమని ఎవరూ అనుకోరు.

ఈ దారిలో చివరిదాకా వెళ్లిన చిత్రం 'దానవీరశూర కర్ణ' (1977). కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడు పాత్రలూ రామారావే ధరించి, దర్శకత్వం కూడా వహించారు. సంభాషణలు కొండవీటి వెంకటకవివి. దుర్యోధనుడికి ఇందులో భార్యతో యుగళగీతం ఉంది. అంతకు మించి గొప్ప భాష ఉంది. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులం అడిగినప్పుడు దుర్యోధనుడు పెద్దల పుట్టుకలనే ఎత్తి చూపి నిలదీసే ఘట్టం తెలుగునాట ఇప్పటికీ పిల్లలు వల్లించి పోటీల్లో చెప్పేది. ఆ వాదం సినిమావారు కల్పించింది కాదు. ఆదిపర్వంలోనే దుర్యోధనుడు ద్రోణుడి, కృపుడి పుట్టుకలను గుర్తుచేస్తాడు. చిత్రం చేసిందల్లా సమాసాల బలంతో ఆ మాటకు కంఠం ఇవ్వటం. తెలుగు అంతగా రాని పిల్లవాడు కూడా ఆ సంభాషణ వల్లిస్తున్నంతసేపు దుర్యోధనుడి నోటితో మాట్లాడతాడు. తోటి అనుభవం అంటే ఇదే. అయినా ద్రౌపది సభలో ఉన్నప్పుడు ఆ పిల్లవాడు దుర్యోధనుడి పక్షాన ఉండడు. పౌరాణిక చిత్రం అడిగే సానుభూతి గాయాన్ని చూపించి అడిగేది కాదు, ఘనతను చూపించి అడిగేది. ఇంతటివాడు ఇలా పాడైపోయాడే అన్న బాధ అది.

సూపర్ హీరో చిత్రం అడిగేది చాలా సందర్భాల్లో ఇందుకు భిన్నం. అది గాయాన్ని చూపిస్తుంది. చెన్నైలో శంకర్ తీసి, 2018 నవంబరులో తెలుగులోనూ విడుదల చేసిన '2.0' మనకు దగ్గరి ఉదాహరణ. నగరంలో జనం చేతుల్లోని సెల్‌ఫోన్లు ఎగిరిపోతాయి, మనుషులు చచ్చిపోతారు. ఈ భాగాన్ని ఎవరినైనా తెలుగులో చెప్పమనండి. 'అది వచ్చింది, అది చంపింది' అంటారు. తర్వాత గతం చెబుతారు. సలీం అలీని గుర్తుకు తెచ్చే పక్షిరాజన్ అనే పక్షి శాస్త్రవేత్త, టవర్ల రేడియేషన్ వల్ల పక్షులు చచ్చిపోతున్నాయని అందరికీ మొరపెట్టుకుంటాడు. ఎవరూ వినరు. చివరికి సెల్ టవర్‌కే ఉరి వేసుకుంటాడు. ఇక్కడి నుంచి కథ చెప్పేవారు 'అది' అనలేరు, 'ఆయన' అంటారు. అమహత్తు మహత్తయింది. ప్రేక్షకుడిలో సానుభూతి పుట్టిన చోటు సర్వనామం మారిన చోటే.

పక్షులకు టవర్ల వల్ల ముప్పు అన్నది శాస్త్రం నిరూపించిన విషయం కాదు. చిత్రం విడుదలకు ముందు సెల్యులార్ ఆపరేటర్ల సంఘం సెన్సార్ వారికి ఫిర్యాదు కూడా చేసింది. కానీ కథలో అది నిజమే. చిత్రం తానే అది నిజమని చూపించింది. కాబట్టి దానికి జవాబు చెప్పవలసిన భారమూ చిత్రానిదే. ఆ భారాన్ని అది ఎలా దించుకుంది? న్యాయమైన ఫిర్యాదు ఉన్నవాడి చేత ఘోరమైన హత్యలు చేయించి, అతణ్ణి ఓడించటం తప్పదనిపించింది. ఓడించే పద్ధతి ఇంకా ఆలోచించదగ్గది. పావురాల మీద ఎక్కి వచ్చిన సూక్ష్మ రోబోలు ఆ పావురాల ప్రాణాలకే ఎసరు పెడతామని బెదిరించి పక్షిరాజన్‌ను లొంగదీస్తాయి. అతనికి పక్షుల మీద ఉన్న ప్రేమే నాయకుడి ఆయుధమైంది. చివర్లో శాస్త్రజ్ఞుడు వశీకరణ్ ఆ ఫిర్యాదులో న్యాయముందని ఒప్పుకుంటాడు. అయితే అది మాటగా వచ్చి మాటగానే పోతుంది.

దీనితో పోల్చటానికి అదే సంవత్సరం వచ్చిన 'బ్లాక్ పాంథర్' ఉపయోగిస్తుంది. అందులో కిల్‌మాంగర్ హంతకుడే. కానీ ప్రపంచంలోని నల్లజాతివారు కష్టపడుతుంటే వకాండా దాక్కుని కూర్చుందన్న అతని నింద నిజం. అతను చనిపోయాక నాయకుడు తన దేశం తలుపులు తెరుస్తాడు; కిల్‌మాంగర్ పెరిగిన ఓక్లండ్‌కే వెళ్లి సహాయ కేంద్రం పెడతానంటాడు. ప్రతినాయకుడు ఓడాడు, అతని వాదం నాయకుణ్ణి మార్చింది. ఇక మన 'హను-మాన్' (2024)లో మైఖేల్‌కూ బాల్యం చూపించారు. కానీ సూపర్ హీరోలందరూ అనాథలే కదా అని తల్లిదండ్రులను చంపిన బాల్యం అది. గతం చెప్పినంత మాత్రాన సానుభూతి అడిగినట్టు కాదని ఈ చిత్రం చూస్తే తెలుస్తుంది. ఆ పాత్రలో గాయమూ లేదు, ఘనతా లేదు. చిత్రం అడగలేదు, మనమూ ఇవ్వలేదు.

తమిళనాట చదువుకునే మనకు మూడో దారి కూడా పరిచయమే. పులవర్ కుళందై 'రావణ కావియం' (1946) తీర్పునే తిరగేసి రావణుణ్ణి నాయకుణ్ణి చేసింది. 1948లో దాన్ని నిషేధించారు. 1971లో గానీ నిషేధం తొలగలేదు. ఈ నేలమీద రావణుడి మీద సానుభూతి వినోదం కాదు, రాజకీయం. మణిరత్నం 2010లో రామాయణ కథను రావణుడి వైపు నుంచి చెప్పినప్పుడు తమిళంలో దాని పేరు 'రావణన్'. తెలుగులోకి అనువదించినప్పుడు ఆ పేరు 'విలన్' అయింది. చిత్రమేమో అతణ్ణి అర్థం చేసుకోమంటుంది, మన భాషలో పెట్టిన పేరేమో ముందే తీర్పు చెప్పేస్తుంది. పేరు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా కావచ్చు. కానీ 'ప్రతినాయకుడు' అన్న మాట చేతిలో ఉన్న భాష, పౌరాణికాల్లో ఇంత చేసిన భాష, ఇక్కడ 'విలన్' అన్న మాట ఎరువు తెచ్చుకుంది.

ఇంతకూ మా అభిప్రాయం ఇది. సానుభూతి అడగటం తప్పు కాదు, కొత్తా కాదు. పౌరాణికం ఘనతను చూపి అడిగింది కనుక, పతనాన్ని చూపగానే దాని బాధ్యత తీరింది. గాయాన్ని చూపి అడిగే చిత్రానికి బాధ్యత ఎక్కువ. గాయం చేసినవారు ఎవరు, వారికేమైంది, నాయకుడు ఏం నేర్చుకున్నాడు అన్న వాటికి అది జవాబు చెప్పాలి. చెప్పకపోతే, ఆ జాలి ఫిర్యాదును ఫిర్యాదీతో పాటే పూడ్చిపెట్టే సాధనమవుతుంది. కన్నీరు కార్చాం కదా, ఇక చెయ్యవలసిందేమీ లేదన్న తృప్తితో ప్రేక్షకుడు ఇంటికి పోతాడు.

యుద్ధకాండలో రావణుడు పడిన తర్వాత విభీషణుడు అంత్యక్రియలు చెయ్యటానికి వెనకాడతాడు. అప్పుడు రాముడు, వైరం మరణంతోనే ముగిసిందనీ, ఇతను నీకెంతో నాకూ అంతేననీ చెప్పి చేయిస్తాడు. అక్కడ సానుభూతి చూపించింది ప్రేక్షకుడు కాదు, గెలిచినవాడు. తీర్పు మారలేదు, అయినా శత్రువుకు జరగవలసిన మర్యాద జరిగింది. రేపు మీరు చూడబోయే చిత్రంలో ప్రతినాయకుడి కోసం కళ్లు చెమర్చితే సంకోచించకండి. కాని నాయకుడి కళ్లు కూడా చెమర్చాయా, ఆ తర్వాత అతను ఏం చేశాడు అన్నది తప్పక గమనించండి.