మండ్రగబ్బకు పొద్దెట్లా తెలుసు?

కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి వేసే రైతుకు ఎండ్రకాయంటే కోపం. గెనిమకు బొక్క పెట్టి పై మడి నీళ్ళన్నీ రాత్రికి రాత్రే కింది మడికి దించేస్తుంది. చాపాడు, మైదుకూరు వైపు ఏ రైతునైనా అడగండి. అది ఏ వేళకు బయటికొస్తుందో, ఎప్పుడు లోపలికి పోతుందో, కాలువ ఎండిన నెలల్లో ఎంత లోతుకు దిగి పడుకుంటుందో చెప్తాడు. అదే బీయస్సీ జువాలజీ చదివే పిల్లవాణ్ణి అడిగితే దాని కాళ్ళెన్నో చెప్తాడు, శాస్త్రీయ నామం చెప్తాడు. వేళ మాత్రం చెప్పలేడు. తప్పు వాడిది కాదు, వేళను చూడడం మనం వాడికి నేర్పలేదు.

జువాలజీ చెప్పిన ఇన్నేళ్ళలో నాకు ప్రాణమైన పని అదే. ఒక జీవిని ఎదురుగా పెట్టుకుని, పగలూ రాత్రీ అది చేసేదంతా గంట గంటకూ రాసుకోవడం. వినడానికి తేలిక. రాత్రి రెండు గంటలప్పుడు, కళ్ళు మూతలు పడుతుంటే, ‘కదల్లేదు’ అని ఉన్నదున్నట్టు రాయడం తేలిక కాదు. ఆ గడి ఖాళీగా వదిలి, పొద్దున లేచి ఊహించి నింపితే పట్టిక మొత్తం పాడైనట్టే.

ఈ విద్యలో ప్రపంచానికి పెద్ద పాఠం చెప్పింది మన ఎండ్రకాయకు దూరపు చుట్టం, ఫిడ్లర్ పీత. సముద్రపు పాటు తీసిన బురద మీద తిరుగుతుంది. మన రాష్ట్రంలో కోరంగి మడ అడవుల్లో చూడొచ్చు. మగదానికి ఒక డెక్క చిన్నది, ఒక డెక్క ఒంటితో పోటీపడేంత పెద్దది. ఆ పెద్ద డెక్క ఊపుతూ ఆడదాన్ని పిలుస్తుంది. అమెరికా తూర్పు తీరంలో ఉండే ఒక జాతి ఫిడ్లర్ పీత పగలు నల్లబడుతుంది, రాత్రి పాలిపోతుంది. వెలుతురును బట్టి మారుతోందిలే అనుకుంటాం. ఫ్రాంక్ బ్రౌన్, మార్గరైట్ వెబ్ అనే శాస్త్రవేత్తలు వాటిని కటిక చీకట్లో పెట్టి చూశారు. బెలుం గుహల్లో దీపాలు ఆర్పేస్తే ఎంత చీకటో అంత చీకటి అనుకోండి. సూర్యుడి జాడ లేని ఆ చోట కూడా రోజుల తరబడి పగటి వేళకు నల్లబడుతూ, రాత్రి వేళకు పాలిపోతూనే ఉన్నాయి.

1948లో వాళ్ళు అచ్చువేసిన మరో సంగతి నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. ఒంట్లో జరిగే రసాయన పనులు పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు రెట్టింపు వేగం అందుకుంటాయి. ఆ లెక్కన చల్లటి నెత్తురు ప్రాణి ఒంట్లోని గడియారం చలికి నెమ్మదించి, ఎండకు పరుగెత్తాలి. పీతలను 6 డిగ్రీల్లో పెట్టారు, 16లో పెట్టారు, 26లో పెట్టారు. వేళ తప్పలేదు. సున్నాకు దగ్గరగా చల్లబరిస్తే గడియారం ఆగింది. మళ్ళీ వెచ్చబరిస్తే, ఆగినంత మేర వెనకబడి నడిచింది. 1953లో బ్రౌన్ బృందమే ఇంకొకటి చూసింది. ఈ రోజువారీ లయ కింద పోటుపాట్ల లయ కూడా ఉంది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కదా, పోటు తగలని గదిలో ఉన్న పీత రంగులోనూ ఆ ఆలస్యం కనిపించింది.

బ్రౌన్ ఆ తర్వాత, ఈ లయలు ఒంట్లోవి కావు, భూమి చుట్టూ ఉండే ఏవో సూక్ష్మశక్తుల నుంచి వస్తాయని పట్టుపట్టాడు. తోటివాళ్ళు ఒప్పుకోలేదు, కాలం కూడా ఒప్పుకోలేదు. కానీ ఆయన పట్టికలు చెక్కుచెదరలేదు. సిద్ధాంతం కూలినా రాత్రి మేలుకుని రాసిన అంకెలు నిలబడ్డాయి. పిల్లలకు నేను ఇష్టంగా చెప్పే కథ ఇది.

రంగు ఎలా మారుతుందన్నది కళ్ళారా చూడదగ్గది. పీతను నొప్పించకుండా పట్టుకుని, నడిచే కాలును మైక్రోస్కోపు కింద పెడితే పలచని పెంకు గుండా నల్లరంగు కణాలు కనిపిస్తాయి. రాత్రి రంగు రేణువులన్నీ కణం నడుమకు ముడుచుకుని చిన్న చుక్కలవుతాయి. పగలు అవే రేణువులు నీళ్ళలో సిరా విరిసినట్టు కణమంతా పాకుతాయి. ముడుచుకుంటే 1, పూర్తిగా విరిస్తే 5 అని హాగ్‌బెన్, స్లోమ్ అనే శాస్త్రవేత్తలు 1931లో పెట్టిన కొలబద్ద ఇప్పటికీ చెల్లుతుంది. కత్తి అక్కర్లేదు, మందు అక్కర్లేదు.

ఆ రేణువులను విరిపించే హార్మోను పీత కంటి కాడలో ఉంటుంది. కన్ను అంటే మనకు చూపు. పీతకు కంటి కాడ ఒక గ్రంథి కూడా. రంగు, కుబుసం, రక్తంలో చక్కెర, గుడ్లు కట్టడం, అన్నిటి మీదా దాని అజమాయిషీ. రొయ్యల హేచరీల్లో తల్లిరొయ్యకు ఒక కంటి కాడ తీసేసేది అందుకే. గుడ్లను ఆపే హార్మోను తగ్గి, త్వరగా పెడుతుంది.

ఫిడ్లర్ పీత కంటి కాడ నుంచి ఆ రంగు హార్మోనును విడదీసి, 18 అమైనో ఆమ్లాల వరుసగా 1985లో లోకానికి చూపించిన బృందానికి ముందున్నది కె. రంగారావు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఇసుక పీతల మీద పని మొదలుపెట్టి, ఫ్లోరిడాలోని పెన్సకోలా చేరిన మనిషి. ఆ హార్మోనుకు దగ్గరి బంధువే పండ్ల ఈగ మెదడులోనూ ఉంది. అక్కడ దాని పని రంగు కాదు, ఈగ గడియారపు నాడీకణాలు ఒకదానికొకటి వేళ చెప్పుకోవడం. ఆ ఈగ గడియారపు జన్యువుల పనికే 2017లో నోబెల్ వచ్చింది.

సముద్రం లేని మన సీమకు ఇందులో వాటా లేదనుకోకండి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జువాలజీకి పునాది వేసిన కె. పంపాపతిరావు, 1954లో ఆలుచిప్పల మీద ఒక వ్యాసం అచ్చువేశాడు. ఆలుచిప్ప నీటిని లాగి వదిలే వేగానికి పోటుపాట్ల లయ ఉందనీ, చోటు మార్చితే ఆ లయను కూడా మార్చవచ్చనీ అందులో చూపించాడు. తిరుపతిలో పోటూ లేదు, పాటూ లేదు. అక్కడ ఆయన చేతికందింది మండ్రగబ్బ. కడపలో బండ ఎత్తితే, కర్నూలులో రాళ్ళ కట్టవ కదిపితే కనిపించే ఆ నల్ల తేలే. పగలంతా రాయి కింద రాయిలా ఉంటుంది, పొద్దుగూకితే బయలుదేరుతుంది. 1967లో ఆయన, టి. గోపాలకృష్ణారెడ్డి కలిసి ‘నేచర్’ పత్రికలో రాశారు: ఈ దినచర్యలో తేలు రక్తంలో తిరిగే పదార్థాలకు పాత్ర ఉందని. ఊళ్ళో చెప్పుతో కొట్టి చంపే జీవి గురించి, మన నేల మీద చేసిన పని అది.

ఆ వరుసలోనే ఆర్. రామమూర్తి, పి. శ్రీనివాసులు రెడ్డి వరిమడి ఎండ్రకాయ హార్మోన్ల మీద తిరుపతిలో పనిచేశారు. శ్రీనివాసులు రెడ్డి 1990లలో అమెరికాలో మిల్టన్ ఫింగర్‌మన్ అనే శాస్త్రవేత్త దగ్గర ఫిడ్లర్ పీతల మీద కూడా చేశాడు. నీళ్ళలో కాడ్మియం కలిస్తే పీత నల్లబడే శక్తి తగ్గుతుందని వాళ్ళు చూపించారు. కాలుష్యం ముందు దెబ్బతీసేది ప్రాణాన్ని కాదు, వేళకు జరగాల్సిన పనిని. పురుగుమందులు పారే మన కాలువల పక్కన ఈ మాట పట్టించుకోవాలి.

2014లో యూజీసీ డిగ్రీ తరగతుల్లో జంతువులను కోయడం ఆపించింది. మంచి పని చేసింది. అయితే కోత పోయిన చోట చాలా కాలేజీల్లో బొమ్మల చార్టు వచ్చి కూర్చుంది. బతికున్న జీవి రావాల్సిన చోటది. ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో తడి మన్ను, దాక్కోవడానికి ఒక కుండ పెంకు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉంటే చాలు. ఎర్ర వెలుతురు తొట్టిలోని ఎండ్రకాయను అంతగా బెదరగొట్టదు. పెంకు కింద ఉందా, బయట ఉందా, కంటి కాడలు లేపిందా, గాడుల్లోకి మడిచిందా అని గంటకోసారి రాసుకోవాలి. మూడోనాటికి పట్టికలో లయ కనిపించడం మొదలవుతుంది. పని అయ్యాక ఎండ్రకాయను తెచ్చిన చోటే వదిలేయాలి. తేళ్ళ జోలికి మాత్రం పిల్లలను పోనివ్వద్దు. మన ప్రాంతపు ఎర్రతేలు ప్రాణం మీదికి తెస్తుంది.

కర్నూలు, కడప జిల్లాల ప్రిన్సిపాళ్ళకు, జువాలజీ లెక్చరర్లకు నేను కోరేది ఒక్కటే. కాలువకు నీళ్ళు వదిలాక నెలకు ఒక్క రాత్రి ల్యాబు తెరిచి ఉంచండి. ఇద్దరు అధ్యాపకులు తోడుండండి, తల్లిదండ్రులకు ముందే చెప్పండి. రాత్రి పని కదా అని ఆడపిల్లలను ఇంటికి పంపేసి మగపిల్లలతో మాత్రం చేయించకండి. నా తరగతుల్లో రాత్రి రెండు గంటల గడి నిజాయితీగా నింపింది ఎక్కువగా ఆడపిల్లలే.