అరుగం బే ఆతిథ్యము

శ్రీలంక తూర్పుతీరమందలి అరుగం బేలో, నైరృతి ఋతుపవనములు నేలమీదుగా కడలివైపు వీచి తరంగములను నునుపు దీర్చు మాసములయందు, దేశదేశముల సర్ఫరులకు బస యిచ్చు చిన్న కుటుంబముల హోటళ్లను జూచినపుడు, ఆతిథ్యము జీవనోపాధి యయ్యును ఔదార్యమును వీడ నక్కఱలేదని నాకు దృఢముగా తోచును. తెల్లవాఱకమున్నే అలలకై పోవువారికి ఇల్లాలు తేనీరు కాచి యిచ్చును. వారు ఎఱ్ఱబడిన కన్నులతో, ఱాళ్లకు గీఱుకొన్న మోకాళ్లతో మరలివచ్చుసరికి ఇడియప్పము, కొబ్బరి సంబోలు, పప్పు సిద్ధము. ఇసుకకాళ్లు కడుగుకొనుటకు గుమ్మముకడ నీళ్లతొట్టి, సర్ఫుబోర్డులు ఆనించుటకు నీడపట్టున కొయ్యచట్రము – ఎవరును అడుగకయే అమర్చినవి! 2004 సునామీ యీ తీరమును ఊడ్చివేసిన పిదప మరల గోడలెత్తి అతిథులను పిలిచిన యీ గృహస్థులకు చేయెత్తి నమస్కరించుచున్నాను. ఈశాన్య ఋతుపవనపు వానలతో గదులు ఖాళీయగు నెలలలో వారు పైకప్పులు బాగుచేసికొందురు, తలుపులకు రంగు వేయుదురు.